టీకా వేయించుకోవాలా, ఆగాలా? అరుదైన దుష్ప్రభావాల భయాన్ని తూచే పద్ధతి

"లక్షలో ఒకరికి రావచ్చు" అని చదవగానే కొందరికి ధైర్యం వస్తుంది. కొందరికి ఆ ఒక్కరూ మన ఇంట్లోవాళ్లే అవుతారేమోనన్న గుబులు పట్టుకుంటుంది. రెండూ సహజమే. కాకపోతే ఇద్దరూ త్రాసులో ఒక పళ్లాన్నే చూస్తున్నారు. టీకా లేకుండా ఉంటే ఆ జబ్బు తగిలే అవకాశం ఎంత, తగిలితే జరిగే నష్టం ఎంత అన్నది రెండో పళ్లెంలో ఉంటుంది. అటూ ఇటూ అంకెలు పెట్టకుండా తేల్చుకున్నది, వేయించుకోవడమైనా మానుకోవడమైనా, గుడ్డి లెక్కే.

ఇంకో చిక్కు ఉంది. భయపడేవాళ్లు "వేయించుకోవాలి", "వద్దు" అన్న రెండు కొసల మధ్యే ఊగుతారు. నిజానికి దారులు అయిదు: చెప్పిన రోజున మామూలుగా వేయించుకోవడం, జాగ్రత్తలు పెట్టుకుని వేయించుకోవడం, అదే జబ్బుకు వేరే రకం టీకా తీసుకోవడం, ఫలానా తేదీకని వాయిదా వేయడం, పూర్తిగా మానుకోవడం. మధ్యలో ఉన్న మూడూ చాలామందికి తట్టవు.

## ముందు అంకెను చదవడం నేర్చుకోవాలి

టీకా డబ్బాలో ఉండే కాగితంలో "అరుదు" అన్నది ఊరికే వాడిన మాట కాదు. దానికి కొలత ఉంది.

| కాగితంలో మాట | అర్థం |
|---|---|
| చాలా సాధారణం | 10 మందిలో కనీసం ఒకరికి |
| సాధారణం | 100లో ఒకరి నుంచి 10లో ఒకరి మధ్య |
| అంత సాధారణం కాదు | 1,000లో ఒకరి నుంచి 100లో ఒకరి మధ్య |
| అరుదు | 10,000లో ఒకరి నుంచి 1,000లో ఒకరి మధ్య |
| చాలా అరుదు | 10,000లో ఒకరికన్నా తక్కువ |
| ఎంత తరచుగా వస్తుందో తెలియదు | ఉన్న సమాచారంతో లెక్క కట్టడం కుదరలేదు |

చివరి వరుస చూసి బెదిరిపోయేవాళ్లు ఎక్కువ. అది ప్రమాదం పెద్దదని చెప్పడం కాదు. టీకా వాడకంలోకి వచ్చాక జనం, డాక్టర్లు పంపిన నివేదికల్లో ఆ సమస్య కనిపించింది, ఎంతమందిలో ఎంతమందికో తేలలేదు, అంతే.

అంకె దొరికాక దాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. ఇది డోసుకు ఒకసారా, మనిషికి ఒకసారా? అన్ని వయసులకూ కలిపి తీసిన సగటా, ఒక్క గుంపుదా? టీకా తర్వాత వచ్చినవన్నీ లెక్కించారా, టీకా లేకపోయినా వచ్చేవి తీసేసి మిగిలిన అదనాన్ని చెప్పారా?

మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది దారి తప్పుతారు. అయిదేళ్ల లోపు పిల్లల్లో 100కి ఇద్దరి నుంచి అయిదుగురికి ఏదో ఒక జ్వరంలో ఒక్కసారైనా ఫిట్స్ వస్తాయి. లక్షల మంది పిల్లలకు టీకా వేస్తే, ఆ వారంలోనే వేరే జ్వరం వచ్చి ఫిట్స్ పడే పిల్లలు కొందరు ఉండి తీరతారు. దుష్ప్రభావాలను నమోదు చేసే వ్యవస్థలు వచ్చిన ప్రతి నివేదికనూ తీసుకుంటాయి. కారణం తేల్చడం ఆ తర్వాతి పని. కాబట్టి "ఇన్ని వేల నివేదికలు వచ్చాయట" అన్నది అనుమానించడానికి పనికొచ్చే సమాచారమే గానీ, ప్రమాదం కొలత కాదు. టీకా వేసుకున్నవారిలో, వేసుకోనివారిలో అదే వయసుకు, అదే కాలంలో ఎంత తేడా ఉందన్నదే కొలత.

కొత్త టీకాకు ఒక చిన్న సూత్రం చేతిలో ఉంచుకోవచ్చు. పరీక్షల్లో కొంతమందికి వేస్తే ఒక హాని ఒక్కరికీ కనిపించలేదనుకోండి. ఆ సంఖ్యను 3తో భాగించండి. 30,000 మందిలో ఎవరికీ రాలేదంటే, అసలు ప్రమాదం 10,000లో ఒకరి దాకా ఉండే అవకాశాన్ని ఆ పరీక్ష కొట్టిపారేయలేదు. అంటే లక్షలో ఒకరికి వచ్చేది పరీక్షల్లో దొరకదు, వాడకంలోకి వచ్చాకే బయటపడుతుంది. ఇప్పుడే వచ్చిన టీకా గురించి సంకోచించేవాళ్లను తేలిగ్గా తీసిపారేయకూడదనేది ఇందుకే. కోట్ల డోసులు పడి ఏళ్లు గడిచిన టీకా విషయంలో అదే సంకోచానికి అంత బలం ఉండదు.

## తూచడానికి అయిదు కొలమానాలు

జబ్బు తగిలే అవకాశం. దీన్ని జబ్బు తీవ్రతతో గుణించి చూడాలి. తట్టు ఉన్న మనిషి పక్కన రక్షణ లేనివాళ్లు పది మంది ఉంటే తొమ్మిది మందికి అంటుకుంటుంది. ఆ మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా వైరస్ గాలిలో ఉండగలదు. పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) అంతకన్నా ప్రాణాంతకం, కానీ అది ఉన్న ప్రాంతానికి వెళ్లనివాళ్లకు తగిలే అవకాశం దాదాపు సున్నా. ధనుర్వాతం మట్టి నుంచి వస్తుంది. చుట్టూ అందరూ టీకా వేయించుకున్నా మీకు రవ్వంత రక్షణ రాదు.

అదే హానిని అదే హానితో పోల్చడం. టీకా వల్ల ఫిట్స్ వస్తాయని భయమైతే, జబ్బు వల్ల ఫిట్స్, మెదడువాపు ఎంతమందికి వస్తాయో చూడాలి. గుండె కండరం వాపు భయమైతే, ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చే గుండె వాపు పక్కన పెట్టాలి. టీకా వైపు ఒక రకం హాని, జబ్బు వైపు "మామూలు జ్వరం" పెట్టి తూస్తే త్రాసు ఎప్పుడూ ఒకవైపే వాలుతుంది.

మీరు ఏ గుంపులో ఉన్నారు. సగటు అంకె ఎవరిదీ కాదు. చాలా దుష్ప్రభావాలు ఒక వయసులో, ఆడా మగా ఒకరిలో, ఒక డోసు తర్వాత గుమిగూడి ఉంటాయి.

కనిపెట్టి వైద్యం చేసే వీలు. తీవ్రమైన ఎలర్జీ భయంకరమైనదే, కానీ ఎక్కువగా తొలి అరగంటలో, కళ్లముందే వస్తుంది. ఎడ్రినలిన్ ఇంజెక్షన్‌తో లొంగుతుంది. 2009–10లో పాండెమ్రిక్స్ అనే ఫ్లూ టీకా తర్వాత కొందరు పిల్లల్లో, టీనేజీవాళ్లలో వచ్చిన నార్కోలెప్సీ, అంటే ఆపుకోలేని నిద్ర జబ్బు, అలాంటిది కాదు. మెల్లగా బయటపడింది, ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది. రెండిటి సంఖ్యా ఒకటే అయినా బరువు ఒకటి కాదు.

వెనక్కి తిరిగే వీలు. వేసిన టీకాను తీయలేం. వాయిదా వేస్తే రేపు వేయించుకోవచ్చు, జబ్బు ఈలోపు రానంతవరకు.

## కొన్ని నిజమైన అంకెలు పక్కపక్కన

| టీకా | అరుదైన హాని | ఎంత తరచుగా | ఎప్పుడు | జబ్బు వైపు |
|---|---|---|---|---|
| తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా | జ్వరంతో ఫిట్స్ | 3,000–4,000 డోసులకు ఒకటి | 6–14 రోజుల మధ్య | తట్టు వస్తే సుమారు 1,000లో ఒకరికి మెదడువాపు, వైద్యం బాగా అందే చోటా 1,000లో 1–3 మరణాలు |
| అదే టీకా | ప్లేట్‌లెట్లు పడిపోవడం | 30,000–40,000 డోసులకు ఒకటి | 6 వారాల లోపు | తట్టు, రుబెల్లా వచ్చినా ప్లేట్‌లెట్లు పడిపోతాయి |
| రోటావైరస్ చుక్కలు | పేగులోకి పేగు దూరడం | 20,000 నుంచి 1,00,000 పసివాళ్లలో ఒకరికి | ఎక్కువగా మొదటి వారంలో | తీవ్రమైన విరేచనాలు, ఒంట్లో నీరు పోవడం |
| పోలియో చుక్కలు | టీకా వైరస్ వల్లే పక్షవాతం | సుమారు 27 లక్షల డోసులకు ఒకటి | వారాల్లో | సోకినవారిలో సుమారు 200కి ఒకరికి పక్షవాతం |
| ఫ్లూ ఇంజెక్షన్ | గులియన్ బారే సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కండరాలు బలహీనపడే జబ్బు) | 10 లక్షల డోసులకు 1–2 | 6 వారాల లోపు | ఫ్లూ జ్వరం వల్లా వస్తుంది, ఆ అవకాశమే ఎక్కువ |
| పచ్చజ్వరం టీకా | టీకా వైరస్ కాలేయం తదితర అవయవాలకు పాకడం | లక్షలో ఒకరికన్నా తక్కువ, 60 దాటితే లక్షలో ఒకరికన్నా ఎక్కువ | 10 రోజుల లోపు | తీవ్ర దశకు చేరినవారిలో సుమారు సగం మంది చనిపోతారు |

ఈ పట్టికలో అన్ని వరుసలూ ఒకే జవాబు చెప్పవు. తట్టు వరుసలో టీకా వైపు ఎక్కువగా కనిపించేది జ్వరం ఫిట్స్. చూడటానికి ప్రాణం పోయినట్టుంటుంది, కానీ అది మెదడును దెబ్బతీసే రకం కాదు. జబ్బు వైపు మెదడువాపు, మరణం. పైగా వేలల్లో అంకె ఒకవైపు, వెయ్యిలో అంకె రెండోవైపు. పచ్చజ్వరం వరుసలో మాత్రం "ఎక్కడికి వెళ్తున్నారు, వయసెంత" అన్నది తెలియకుండా ఏమీ చెప్పలేం.

## మొదటి దారి: చెప్పిన రోజున మామూలుగా

పసివాళ్ల సాధారణ టీకాలు, ధనుర్వాతం, కుక్క కరిచాక రేబీస్: వీటి దగ్గర ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎక్కువ తూచాల్సింది లేదు.

రేబీస్ సంగతి విడిగా చెప్పాలి. లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. అందుకే కాటు తర్వాత వేసే టీకాకు "వీళ్లకు వేయకూడదు" అన్న జాబితానే లేదు. గర్భిణికీ వేస్తారు, పసివాడికీ వేస్తారు. ఎలర్జీ చరిత్ర ఉన్నవాళ్లకు వైద్యం సిద్ధంగా పెట్టుకుని వేస్తారు. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్ల కాలపు భయం ఇంకా వినిపిస్తుంది. ఆ రోజుల్లో జంతువుల మెదడు కణజాలంతో చేసిన టీకాలు వాడేవారు, వాటికి నరాల సమస్యలు వచ్చే మాట నిజమే. ఇప్పటివి ప్రయోగశాలలో పెంచిన కణాల మీద చేసినవి, చేతికి, చిన్నపిల్లలకైతే తొడకు వేస్తారు. పాత టీకా భయాన్ని కొత్త టీకాకు అంటగట్టకూడదు.

## రెండో దారి: జాగ్రత్తలతో

ఇది "వద్దు" అనేవాళ్లలో చాలామందికి సరిపోయే దారి. భయం దేని గురించో దాన్నిబట్టి జాగ్రత్త మారుతుంది.

ఎలర్జీ భయమా? ముందెప్పుడైనా ఏ మందుకైనా, తిండికైనా ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం జరిగి ఉంటే అది సూది పడకముందే చెప్పాలి. టీకాలోని పదార్థాల జాబితా అడిగి చూడాలి: జెలటిన్, నియోమైసిన్, ఈస్ట్, పాలీఇథైలిన్ గ్లైకాల్ లాంటివి కొన్నిటిలో ఉంటాయి. ఎడ్రినలిన్ చేతికందే చోట, అరగంట కూర్చోబెట్టి చూసే చోట వేయించుకోవాలి. మామూలు మనుషులకు పదిహేను నిమిషాలు చాలు. తట్టు టీకాకు తీవ్ర ఎలర్జీ సుమారు 10 లక్షల డోసులకు ఒకటి. గుడ్డు ఎలర్జీ ఉంటే ఫ్లూ టీకా పడదన్న పాత నియమాన్ని ఇప్పుడు చాలా చోట్ల ఎత్తేశారు.

సూదికి కళ్లు తిరిగి పడిపోతారా? టీనేజీ పిల్లల్లో ఇది మామూలే, అందులో గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసే వయసులో మరీను. ఇది ఎలర్జీ కాదు, భయానికి నాడి మందగించి రక్తపోటు జారడం. అసలు హాని పడిపోయి తలకు దెబ్బ తగలడం వల్లే. పడుకోబెట్టి వేయమని అడగండి, తర్వాత పావుగంట లేపకండి. ముందు కాస్త తిని, నీళ్లు తాగి వెళ్లాలి.

జ్వరం ఫిట్స్ భయమా? తట్టు టీకా తర్వాత జ్వరం వచ్చేది ఆ రోజు కాదు, వారం దాటాక. ఊరు ప్రయాణం, ఫంక్షన్ ఆ రెండో వారంలో పెట్టుకోకుండా ఉంటే సగం హైరానా తగ్గుతుంది. జ్వరం వస్తే పారాసిటమాల్ కిలో బరువుకు 10–15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు సార్లు మించకుండా. మూడు నెలల లోపు బిడ్డకైతే డాక్టర్ చెబితేనే. అది బిడ్డకు హాయినిస్తుంది, ఫిట్స్‌ను ఆపుతుందన్న గ్యారంటీ లేదు. జ్వరం రాకముందే "ముందుజాగ్రత్తగా" వేయడం మంచిది కాదు, కొన్ని టీకాలకు ఒంట్లో రక్షణ పుట్టడం తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. చెంచా పెట్టి పళ్లు విరగ్గొట్టినవాళ్లు ఉన్నారు. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్స్.

## మూడో దారి: వేరే రకం టీకా

దుష్ప్రభావాల చరిత్రలో సమస్యలు ఎక్కువగా తీరింది ఈ దారిలోనే. 1998లో వచ్చిన తొలి రోటావైరస్ టీకాకు సుమారు 10,000లో ఒకరికి పేగులోకి పేగు దూరే ప్రమాదం కనిపించింది. 1999లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇప్పటి చుక్కలు వేరే రకాలు, ప్రమాదం అంతకన్నా బాగా తక్కువ. పోలియో చుక్కల్లో బలహీనపరిచిన వైరస్ బతికే ఉంటుంది. ఇంజెక్షన్‌లో చంపిన వైరస్ ఉంటుంది, దానితో పక్షవాతం రాదు. పోలియో లేని దేశాల్లో చాలావి ఇంజెక్షన్‌కు మారాయి, అమెరికా 2000లో పూర్తిగా మారింది. మరి చుక్కలు ఇంకా ఎందుకున్నాయి? అవి పేగులో రక్షణ పెంచి వైరస్ పాకడాన్ని ఇంజెక్షన్‌కన్నా బాగా ఆపుతాయి. మీ బిడ్డకు ఏది తక్కువ ప్రమాదం, ఊరంతటికీ ఏది మేలు అన్నవి ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు. ఆ తేడాను దాచిపెట్టి చెప్పేవాళ్లను జనం నమ్మకపోవడంలో ఆశ్చర్యం లేదు.

2021లో ఆస్ట్రాజెనెకా కోవిడ్ టీకా ఇంకో ఉదాహరణ. ప్లేట్‌లెట్లు పడిపోతూనే రక్తం గడ్డకట్టే సమస్య, బ్రిటన్ లెక్కల్లో 50 ఏళ్ల లోపు సుమారు 50,000 మందిలో ఒకరికి, ఆపై వయసులో లక్షలో ఒకరికి, ఎక్కువగా మొదటి డోసు తర్వాత. ముసలివాళ్లకు కోవిడ్ ప్రమాదం అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి వాళ్లకు అదే టీకా కొనసాగింది. కుర్రవాళ్ల పళ్లెం అటూ ఇటూ ఊగింది. అందుకే ఆ ఏడాది ఏప్రిల్‌లో 30 లోపువారికి, మేలో 40 లోపువారికి వేరే టీకా ఇవ్వమన్నారు. ఒకే టీకా, ఒకే నెల, వయసును బట్టి రెండు సరైన జవాబులు.

ఇంత పెద్దది కాకపోయినా, పిల్లల తల్లిదండ్రులకు వెంటనే పనికొచ్చే ఎంపిక ఒకటుంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాతో పాటు ఆటలమ్మను కూడా కలిపిన నాలుగింటి టీకా దొరుకుతుంది. పన్నెండు నుంచి ఇరవైమూడు నెలల మధ్య మొదటి డోసుగా దాన్ని ఇస్తే, మూడింటిదీ ఆటలమ్మదీ అదే రోజు విడివిడిగా ఇచ్చినదానికన్నా సుమారు 2,300 మందికి ఒక జ్వరం ఫిట్స్ అదనం. ఇంట్లో ఫిట్స్ చరిత్ర ఉంటే రెండు సూదులే మేలు. లేకపోతే ఒక్క సూదితో పోతుందనుకోవడంలో తప్పేం లేదు.

మూడింటి టీకాను మూడు ముక్కలు చేసి నెలల తేడాతో ఇప్పించాలని అడిగేవాళ్లున్నారు. దీనివల్ల భద్రత పెరుగుతుందన్న ఆధారం లేదు. పెరిగేవి సూదులు, రక్షణ లేని రోజులు.

డెంగీ టీకాల్లో మొదట వచ్చిన డెంగ్‌వాక్సియా ఒక హెచ్చరిక. ఇంతకుముందు డెంగీ రానివాళ్లకు ఇస్తే, తర్వాత అసలు డెంగీ వచ్చినప్పుడు జబ్బు ముదిరే అవకాశం పెరుగుతుందని 2017 నవంబరులో బయటపడింది. వచ్చినవాళ్లకు మాత్రం రక్షణ ఇచ్చింది. అక్కడ ప్రశ్న "వేయించుకోవాలా" కాదు, "ముందు రక్తపరీక్ష చేయించుకున్నామా" అన్నది.

## నాలుగో దారి: వాయిదా

"కొన్నాళ్లు చూద్దాం" అన్నది అన్నిటికన్నా తేలికైన మాట. అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగాలి. వాయిదా కొన్నిచోట్ల భయాన్ని తగ్గిస్తుంది, కొన్నిచోట్ల ఏ హానికి భయపడ్డారో దాన్నే పెంచుతుంది.

తగ్గించే చోటు: ఫైజర్, మోడెర్నా లాంటి ఎంఆర్ఎన్ఏ రకం కోవిడ్ టీకాల్లో గుండె కండరం వాపు ఎక్కువగా 12–29 ఏళ్ల మగవారిలో, రెండో డోసు తర్వాత వారం లోపు కనిపించింది. మొదటి రెండు డోసుల మధ్య ఎడం మూడు నాలుగు వారాల నుంచి ఎనిమిది వారాలకు పెంచితే ఆ ప్రమాదం తగ్గుతుందని తేలి, ఆ వయసు మగవారికి పెద్ద ఎడం మంచిదని సలహా మారింది.

పెంచే చోటు: తట్టు టీకా మొదటి డోసును 12–15 నెలల మధ్య ఇస్తే వచ్చే జ్వరం ఫిట్స్‌కన్నా 16–23 నెలల మధ్య ఇస్తే ఎక్కువ వస్తాయి. జ్వరం ఫిట్స్ సహజంగా ఎక్కువగా వచ్చే వయసు అదే మరి. "కాస్త పెద్దయ్యాక వేయిద్దాం" అన్న జాగ్రత్త తిరగబడేది ఇక్కడే. రోటావైరస్ చుక్కలూ అంతే. పేగులోకి పేగు దూరడం టీకా లేకపోయినా పసివాళ్లలో నాలుగైదు నెలలు దాటాక పెరుగుతుంది. మొదటి డోసును తొలి వారాల్లోనే, ఆ వయసు రాకముందే ఇవ్వమనేది అందుకే.

వాయిదా న్యాయమైన సందర్భాలు చిన్న జాబితా: ఎక్కువ జ్వరంతో కూడిన జబ్బు తగ్గేదాకా, బతికి ఉన్న వైరస్ టీకాలకు గర్భం పూర్తయ్యేదాకా, పెద్ద మోతాదు స్టెరాయిడ్లు, కీమోథెరపీ అయ్యాక డాక్టర్ చెప్పిన గడువు, ఈమధ్య రక్తం, ఇమ్యునోగ్లోబులిన్ (ఇతరుల రక్తం నుంచి తీసిన రక్షణ పదార్థం) ఎక్కించుకుని ఉంటే తట్టు టీకాకు కొన్ని నెలలు, ఒక బతికిన వైరస్ ఇంజెక్షన్ పడి 28 రోజులు కాకపోతే రెండోదానికి. ముక్కు కారడం, చిన్న దగ్గు, యాంటీబయాటిక్ కోర్సు నడుస్తుండటం ఈ జాబితాలో లేవు.

వాయిదా వేయదలిస్తే రెండు రాసిపెట్టుకోండి: ఏ తేదీకి, ఏం తెలిశాక. "రెండో నెల భద్రతా నివేదిక వచ్చాక" అన్నది వాయిదా. తేదీ లేని వాయిదా అయిదో దారికి ఇంకో పేరు.

## అయిదో దారి: వద్దనుకోవడం

దీనికి వైద్యపరంగా గట్టి కారణాలు ఉన్నాయి. అదే టీకా ముందటి డోసుకు, లేదా అందులోని పదార్థానికి ప్రాణం మీదికొచ్చిన ఎలర్జీ; రోగనిరోధక శక్తి తీవ్రంగా దెబ్బతిన్నవారికి బతికిన వైరస్ టీకాలు; ఒకసారి పేగులోకి పేగు దూరిన బిడ్డకు రోటావైరస్ చుక్కలు; ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి జబ్బు ఉన్నవారికి పచ్చజ్వరం టీకా.

కారణంలా కనిపించి కారణం కానివి: బంధువుల్లో ఎవరికో టీకా పడకపోవడం, పాత డోసుకు చేయి వాచి రెండ్రోజులు జ్వరం రావడం, నెలలు తక్కువగా పుట్టడం. తట్టు టీకాతో ఆటిజం వస్తుందన్న మాట 1998లో పన్నెండు మంది పిల్లల మీద రాసిన ఒక వ్యాసంతో పుట్టింది. ఆ పత్రికే 2010లో దాన్ని ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో టీకా వేసినవారికీ వేయనివారికీ ఆటిజంలో తేడా కనిపించలేదు.

వద్దనుకున్నా పని అయిపోదు, వేరే పని మొదలవుతుంది. తట్టు ఉన్నవారికి ఎదురుపడితే 72 గంటల లోపు టీకా, లేదా ఆరు రోజుల లోపు ఇమ్యునోగ్లోబులిన్ ఇంకా ఉపయోగపడవచ్చు. అంటే గంటలు లెక్కపెట్టుకోవాలి, ఎక్కడ దొరుకుతుందో ముందే తెలుసుకోవాలి. మట్టి తగిలిన గాయంతో ఆస్పత్రికి వెళ్తే ధనుర్వాతం డోసులు పడలేదని మొదటి మాటగా చెప్పాలి.

## మీరు ఏ కోవలో ఉన్నారు

నెలల బిడ్డ తల్లిదండ్రులైతే రెండో దారి చాలు. మీకు సాయపడేది వాయిదా కాదు, ఏ రోజు ఏ లక్షణం రావచ్చో ముందే తెలిసి ఉండటం.

గర్భిణికి బతికిన వైరస్ టీకాలు ఆగాలి. ఫ్లూ ఇంజెక్షన్, కోరింత దగ్గు టీకా మాత్రం ఇప్పుడే తీసుకోవాల్సినవి. రెండోదాన్ని కొన్ని దేశాల్లో 27–36 వారాల మధ్య ఇస్తారు. తల్లిలో పుట్టిన రక్షణ బొడ్డుతాడు గుండా చేరి, సొంత టీకాలు పడేదాకా బిడ్డను కాస్తుంది.

అరవై దాటి, పచ్చజ్వరం టీకా తొలిసారి వేయించుకోబోతున్న ప్రయాణికులకు లెక్క నిజంగా దగ్గర దగ్గరగా ఉంటుంది. వెళ్లే చోట జబ్బు ఉందా, లేక సరిహద్దులో సర్టిఫికెట్ అడుగుతారనే వేయించుకుంటున్నారా? రెండోదైతే డాక్టర్ ఇచ్చే మినహాయింపు పత్రం అడగండి. దాన్ని ఆ దేశం ఒప్పుకుంటుందో లేదో బయల్దేరకముందే కనుక్కోండి. మొదటిదైతే ప్రయాణం మానుకోవడం కూడా ఎంపికల్లో ఒకటి. వేయించుకుంటే కనీసం పది రోజుల ముందే, సర్టిఫికెట్ ఆ పదో రోజు నుంచే చెల్లుతుంది.

ఇంట్లో కీమోథెరపీలో ఉన్నవాళ్లుంటే మీ పళ్లెంలో వాళ్ల ప్రమాదం కూడా వేసుకోవాలి. వాళ్లు వేయించుకోలేని టీకాను మీరు వేయించుకోవడమే వాళ్లకు గోడ.

## వేయించుకున్నాక ఏం చూడాలి

డాక్టర్ దగ్గర "ఇది సురక్షితమేనా" అని అడిగితే "అవును" అన్న ఒక్క మాటే వస్తుంది. "నా వయసుకు, ఈ డోసుకు ఏ హాని, ఎన్ని రోజుల్లో, ఏ లక్షణంతో మొదలవుతుంది, అప్పుడు ఎక్కడికి వెళ్లాలి" అని అడిగితే వాడుకునే జవాబు వస్తుంది.

| ఎప్పుడు | దేనికోసం చూడాలి | ఏం చేయాలి |
|---|---|---|
| తొలి 15–30 నిమిషాలు | దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, కళ్లు తిరగడం | అక్కడే చెప్పండి, బయటికి నడవకండి |
| 1–3 రోజులు | చేయి నొప్పి, జ్వరం, నలత | ఇంట్లోనే, తడిగుడ్డ, కావాలంటే పారాసిటమాల్ |
| తొలి వారం, ఎంఆర్ఎన్ఏ టీకా | ఛాతీ నొప్పి, గుండె దడ, ఆయాసం | అదే రోజు ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్తపరీక్ష), తేలేదాకా వ్యాయామం వద్దు |
| తొలి వారం, రోటావైరస్ చుక్కలు | ఉండుండి మోకాళ్లు ముడుచుకుని ఏడవడం, వాంతులు, మలంలో రక్తం | రాత్రయినా ఆస్పత్రికి, తొందరగా వెళ్తే చాలాసార్లు ఆపరేషన్ లేకుండానే సరిచేయవచ్చు |
| 6–14 రోజులు, తట్టు టీకా | జ్వరం, లేత దద్దుర్లు, ఎప్పుడో ఫిట్స్ | పక్కకు తిప్పడం, అయిదు నిమిషాలు దాటితే అంబులెన్స్ |
| 6 వారాల దాకా | సూదిపొడుపుల్లాంటి ఎర్రచుక్కలు, దెబ్బ లేకుండా కమిలిన మచ్చలు; కాళ్ల నుంచి పైకి పాకే బలహీనత | మొదటిదానికి ప్లేట్‌లెట్ పరీక్ష, రెండోదానికి వెంటనే ఆస్పత్రి |

టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ, ఏ చేతికో కార్డు మీద రాయించుకుని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే టీకా వల్లే అని మీరు నిరూపించక్కర్లేదు. అనుమానం ఉన్నా నమోదు చేయమని అడగండి, బ్యాచ్ నంబరు లేని నివేదిక సగం పనికే వస్తుంది. తర్వాతి డోసు రోజున ఆ కార్డు తీసుకెళ్లి, ముందుసారి ఏం జరిగిందో సూది తీయకముందే చెప్పండి.